తొక్కుడు గుడ్డ: చిన్న విమానం సీటుకి బురద అంటకుండా – ప్రాజెక్టు డైరీ

రెక్క కిందివైపు ఉండే రెండు సీట్ల విమానం ఎక్కడం ఓ చిన్న సర్కస్. రెక్క మీద నల్లగా గరుకు పూత వేసిన చోట నిలబడి, పక్కగోడ దాటించి కాలు లోపల పెడితే అది ఆనేది సీటు మీదే. పైపర్ చెరొకీలో అయితే తలుపు కుడివైపు ఒక్కటే. ఎడమ సీట్లో కూర్చోవాల్సిన పైలట్ కూడా కుడి సీటు మీదుగానే జరగాలి. ఇంటికి గుమ్మం ఎలాగో ఆ విమానానికి కుడి సీటు అలాగ. గుమ్మం మీద కూర్చోవద్దని పెద్దవాళ్ళు ఎందుకన్నా, ఇక్కడ మాత్రం తొక్కిన గుమ్మం మీదే కూర్చోవాలి.

ఈ డైరీ ఆ గుమ్మం మీద పరిచే గుడ్డ గురించి. అమలాపురం దగ్గర కొబ్బరితోటలో ఒక రేకుల షెడ్డు, అందులో ప్లైవుడ్‌తో చేసిన కాక్‌పిట్ నకలు. అసలు విమానాలు ఎగిరేది వేరేచోట. పని ఇక్కడ పెట్టుకోవడానికి కారణం మట్టి. డెల్టా ఒండ్రు బంక తడిస్తే బూటు అడుగున రెండు వేళ్ళ మందాన పట్టుకుని, అడుగడుక్కీ ఇంకొంచెం బరువెక్కుతుంది. ఈ బురదకి ఆగిన ఏర్పాటు ఇసకనేల మీద ఆగకుండా ఉండదు.

1వ రోజు – కొలతలు

కాలవలకి నీళ్ళు వదిలారు, తోటలో పల్లాలన్నీ జవజవలాడుతున్నాయి. మొదలెట్టడానికి ఇదే అదను.

నకలు కొలతలు: లోపలి వెడల్పు 106 సెం.మీ. ఒక్కో సీటు వెడల్పు 45, లోతు 48. సీటు ముందంచు నుంచి నేలకి 24. కంట్రోల్ స్టిక్ (విమానాన్ని నడిపే చేతికర్ర) బదులు ముందంచు మధ్యలో ఒక పీవీసీ గొట్టం. రెక్క బదులు వాలుగా పెట్టిన బల్ల, దాని మీద గరుకు టేపు.

పది మంది చేత బురద బూట్లతో ఎక్కించి, మరకలు ఎక్కడెక్కడ పడ్డాయో సుద్దతో గీశాం. సీటు నడిమధ్యలో ఎక్కువ ఉంటుందనుకుంటే పొరపాటు. మడమ ఆనేది సీటు వెనక సగంలో. అక్కణ్ణుంచి కాలు కిందకి దించేటప్పుడు అడుగు ముందంచుని గీసుకుంటూ జారుతుంది, చిక్కటి బురదంతా అక్కడే దిగుతుంది. దాన్నిబట్టి గుడ్డ సీటు మీద పరిస్తే చాలదు, ముందు అంచు దాటి నేల దాకా వేలాడాలి.

ఇంకో సంగతి బెల్టులు. అవి సీటు మీద పడి ఉంటే పది మందిలో ఎవరో ఒకరు తొక్కక మానరు. బెల్టు నేతలోకి మట్టి దూరితే లోపల ఇసకరేణువులు పోగుల్ని కోస్తూనే ఉంటాయి, బకిల్ నాలుక గట్టిపడుతుంది. అందుకని ఏ గుడ్డ పరిచే ముందైనా బెల్టులు రెండు పక్కలకీ తీసి వేలాడదీయడం మొదటి పని. దీనికి పైసా ఖర్చు లేదు.

3వ రోజు – కిందే ఆపడం

సీటు దాకా వచ్చాక బురదతో కుస్తీ పట్టడం కంటే నేల మీదే వదిలించడం తేలిక. మన ఇళ్ళ దగ్గర ఈ ఏర్పాటు తరాలుగా ఉన్నదే: వీధరుగు దగ్గర నీళ్ళ బాల్చీ, పక్కన గోనెపట్టా. విమానం దగ్గరా అదే వరస పెట్టాం, ఒక మెట్టు కలిపి.

ముందు కొబ్బరి మట్ట చీలికతో బూటు అడుగు గాళ్ళలో బురద గోకాలి. తర్వాత 5 సెం.మీ. లోతు నీళ్ళున్న వెడల్పు తట్టలో నిలబడి, గట్టి పీచు బ్రష్షుతో నాలుగు రుద్దులు. ఆ తర్వాత గోనెపట్టా మీద తడి ఆరేలా నొక్కి నొక్కి తుడవాలి. ఈ చివరిది ఎగ్గొట్టకూడదు. తడి బూటుతో రెక్క ఎక్కితే గరుకు టేపు మీద పట్టు దొరుకుతుంది గానీ, పక్కనున్న పెయింటు మీద కాలు పడితే జారిపోతుంది.

అంబాజీపేట వైపు దొరికే కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ఒక్కటీ చాలదా అని చూశాం. సగం ఆరిన మట్టిని అది బాగానే దులుపుతుంది. తడిబంక అయితే నలుగురు తుడుచుకునేసరికి పీచు మధ్య సందులు పూడిపోయి, అయిదోవాడి బూటుకి తిరిగి బురద పూస్తుంది. పైగా కోత అంచుల నుంచి పీచు రాలుతుంది. ఆ పోగులు బూటుకి అంటుకుని లోపలికొచ్చి, స్టిక్ చుట్టూ ఉండే తోలు సంచీలో చేరతాయి. అడుగున రబ్బరు అతికించిన మ్యాట్ తక్కువ రాలుస్తుంది. ఎండాకాలం దుమ్ముకి అది చాలు, వానాకాలం తట్ట తప్పదు.

తట్టా, మ్యాట్, గోనె ఈ మూడూ ఇంజను స్టార్ట్ చేసే లోపు అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలి. రెక్క మొదట్లో వెనకవైపు పెడతాం కాబట్టి ప్రొపెల్లర్ గాలి వాటిని నేరుగా తోక మీదకి విసురుతుంది. ఎక్కే మనిషి చివరివాడైతే తీసేవాడెవడు? ఒక్కడే ఎగిరే రోజున తట్ట జోలికి పోకుండా, పాత గోనె ముక్క మీద తుడుచుకుని దాన్ని మడిచి లోపల సంచీలో పెట్టుకోవడమే.

చెప్పులిడిచి ఎక్కితే పోలా అని ఎవరైనా అంటారు. పనికిరాదు. రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ మీద ఉత్తకాలికి పట్టు సరిగ్గా తెలియదు. ఏదైనా అయి గబగబా దిగి పరిగెత్తాల్సి వస్తే, వేడి రేకు మీదా గాజుపెంకుల మీదా ఉత్తకాళ్ళతో నడవాలి. ఆసుపత్రుల్లో వేసుకునే నీలం ప్లాస్టిక్ తొడుగులు ఇంకా నయమనిపిస్తాయి గానీ, వాలు రెక్క మీద అవి సబ్బుముక్కలే. ఒక్కసారి వేయించి చూసి ఆపేశాం.

5వ రోజు – ఏ గుడ్డ

ఫ్లెక్సీతో మొదలెట్టాం. ఊళ్ళో దానికి కరువేముంది, ఎన్నికలైపోయాక కిలోల లెక్కన దొరుకుతుంది. నీళ్ళు దిగవు, తుడిస్తే పోతుంది. రెండు తప్పులు: బంక అంటిన బూటు కింద జారుతుంది, పదే పదే మడిచిన చోట తెల్లగా చిట్లుతుంది.

మందపాటి కాన్వాసు మీద పట్టు బాగుంది, అయితే నీళ్ళు పీల్చి అడుగు సీటుకి దింపింది. వరి కుప్పల మీద కప్పే పలచటి నీలం బరకం తేలిక, చవక. ఫ్లెక్సీ కంటే కూడా జారింది.

నిలబడింది లారీ టార్పాలిన్: పాలియెస్టర్ నేతకి రెండు వైపులా పీవీసీ పూత, చదరపు మీటరుకి 550 గ్రాముల బరువు. ఇదీ నున్నగానే ఉంటుంది, అందుకని పైన 25 మి.మీ. నైలాన్ పట్టీలు అడ్డంగా 8 సెం.మీ.కి ఒకటి చొప్పున కుట్టాం. బురద బూటు ఆ గట్ల మీద ఆగుతుంది, చేలో గట్టు మీద కాలు ఆగినట్టే.

రంగు ముదురు నారింజ తీసుకున్నాం. బూడిదరంగు సీటు మీద బూడిదరంగు గుడ్డ మరిచిపోతే కనిపించదు.

6వ రోజు – మంట

ఈ గుడ్డ విమానంలోనే ప్రయాణిస్తుంది కాబట్టి మంటకి ఎలా ఉంటుందో తెలియకుండా కుట్టడానికి వీల్లేదు. పెద్ద విమానాల లోపలి సామానుకి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్.ఏ.ఏ. పెట్టిన 25.853 నిబంధనలోని నిలువు మంట పరీక్షనే కొలతగా పెట్టుకున్నాం. ముక్క కనీసం 2 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు. నిలువుగా వేలాడదీసి, బర్నర్ మూతికి ముప్పాతిక అంగుళం పైన కిందంచు ఉండేలా పెట్టాలి. మంట ఎత్తు అంగుళంన్నర. సీటు గుడ్డలకి 12 సెకన్లు మంట పెట్టి తీసేయాలి. ఆ తర్వాత సగటున 15 సెకన్లలోపు ఆరిపోవాలి, కాలిన పొడవు 8 అంగుళాలు దాటకూడదు, కారిన చుక్క కింద పడ్డాక 5 సెకన్లకి మించి మండకూడదు.

కాన్వాసు అంటుకుని చివరి దాకా పోయింది. కొబ్బరి పీచు మంట ఆరాక కూడా లోలోపల ఎర్రగా రాజుకుంటూనే ఉంది, పొయ్యిలో పీచు పెట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. కాబట్టి కొబ్బరి పీచుతో చేసినదేదీ విమానం లోపలికి పోకూడదు. టార్పాలిన్ మంట తీయగానే ఆరింది గానీ నల్లటి పొగ వదిలింది, ముక్కు మండిపోయింది. పీవీసీ కాలితే వచ్చేది హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి. అందుకే లోపల ఉండే ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది, సీటంతా టార్పాలిన్ తొడగడం వద్దే వద్దు. ఉన్ని కంబళి ముక్క పొగచూరి, ముద్దకట్టి, తనంతట తనే ఆరింది.

ఇదంతా ఆరుబయట, పక్కన ఇసక బాల్చీతో చేసే పని. షెడ్డులో చేసే పరీక్షతో గుడ్డ ఎంచుకోవచ్చు, అది సర్టిఫికెట్ అయిపోదు. సర్టిఫై అయిన విమానంలో సీటు గుడ్డే మార్చాలంటే లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు చూసి సరేననాలి. మేం కుట్టేది పరిచి తీసేసే గుడ్డ మాత్రమే, సీటుకి ఒక్క కుట్టు కూడా పడదు.

8వ రోజు – కోత, కుట్టు

అయిదడుగుల పన్నా ఉన్న టార్పాలిన్ ఒక మీటరు తీసుకుంటే రెండు సీట్లకీ వస్తుంది. గుడ్డ ఒక్కోటి 45 × 73 కోయాలి, అంచు మడత పోను 42 × 70. ఇందులో 46 సెం.మీ. సీటు మీద, మిగతా 24 ముందంచు నుంచి వేలాడుతుంది. వేలాడే భాగం మధ్యలో స్టిక్ కోసం 14 సెం.మీ. వెడల్పున కత్తిరిస్తే అటూ ఇటూ 14 చొప్పున రెండు నాలుకలు మిగులుతాయి. కోత మూల కోసుగా వదిలితే అక్కణ్ణుంచే చిరుగుతుంది. రూపాయి బిళ్ళ పెట్టి గుండ్రంగా గీసుకుని కోయాలి.

మిగిలిన పీలిక 75 × 100లో 28 × 100 ముక్కలు రెండు వస్తాయి. ఒక్కోదాన్ని సగానికి మడిచి పక్కలు కుడితే 25 × 48 సంచీ. సంచీ అడుగున రెండు ఐలెట్లు (లోహపు చుట్టున్న చిల్లులు) కొట్టాలి, లేకపోతే తడి లోపలే నిలిచిపోయి మూడో నాటికి బూజు వాసన మొదలు.

కార్ల సీట్లు కుట్టే మిషన్ మీద 18 నంబరు సూది, పాలియెస్టర్ దారం, కుట్టు పొడవు 4 మి.మీ. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందని 2 మి.మీ.కి పెట్టామా, పోస్టల్ స్టాంపు అంచులా చిల్లులు పడి ఒక్క లాగుకి చిరిగింది. మొదటి గుడ్డ అలాగే పోయింది.

రెండో గుడ్డ పోయింది పిడి వల్ల. లాగి తీయడానికి వీలుగా 30 సెం.మీ. పట్టీని ఉచ్చులా కుట్టాం. పదిసార్లు తీస్తే రెండుసార్లు ఆ ఉచ్చు వెళ్ళి స్టిక్ తలకి తగులుకుంది. నకలు మీద నవ్వుకోవచ్చు. గాల్లో స్టిక్‌కి ఏదైనా తగులుకుంటే నవ్వులాట కాదు. ఇప్పుడున్నది 8 సెం.మీ. చదును తోక, ఉచ్చు లేదు. ఈ గుడ్డ మీద రింగు, కొక్కెం, తాడు, వేలాడే ఎలాస్టిక్ ఏదీ ఉండకూడదని అప్పుడే రాసిపెట్టుకున్నాం.

అడుగువైపు జారకుండా ఉండటానికి కార్ డాష్‌బోర్డు మీద వేసే జల్లెడ రబ్బరు కుట్టి చూశాం. గుడ్డ సీటు మీద గొప్పగా ఆగింది. రెక్సిన్ సీటు మీద మధ్యాహ్నమంతా వదిలేస్తే మాత్రం జల్లెడ అచ్చు సీటు మీద దిగిపోయింది. ఆ రబ్బరూ రెక్సినూ రెండూ పీవీసీయే. అవి వేడిలో అతుక్కుని ఉంటే వాటిని మెత్తగా ఉంచే నూనె ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది, ఆ అచ్చు మళ్ళీ పోదు. ఇప్పుడు నేతబట్ట సీట్లకి వేసే గుడ్డకి అడుగున పలచటి ఉన్ని కంబళి. రెక్సిన్ సీట్లకి జల్లెడ రబ్బరే, ఎక్కడం అవగానే తీసేయాలన్న షరతు మీద.

సంచీతో కలిపి రెండూ 800 గ్రాములు దాటలేదు. నలగకుండా మధ్యలో ప్లైవుడ్ పెడదామన్న మాట వచ్చింది. పలక మూల స్టిక్‌కి అడ్డం పడుతుంది, పొరపాటున దాని మీదే కూర్చుంటే కింద ఫోమ్ చేయాల్సిన పని చేయనివ్వదు. వద్దనుకున్నాం.

9వ రోజు – రెక్క పైనుండే విమానాల సంగతి

సెస్నాల్లాంటి, రెక్క పైనుండే విమానాల్లో కాలు నేరుగా నేల మీదకి పోతుంది కాబట్టి సీటు పక్క అంచూ, తలుపు కింది గడపా మాత్రమే మురికవుతాయి. గడపకి అడ్డంగా 30 × 60 కంబళి ముక్క చాలు.

అసలు చూడాల్సింది సీటు కింద పట్టాలు. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాకి వరసగా చిల్లులుంటాయి, పిన్ను వాటిలో దిగితేనే సీటు నిలుస్తుంది. బంకమట్టి ఆ చిల్లులో చేరి ఎండితే రాయి. పిన్ను సగమే దిగుతుంది, దిగినట్టే కనిపిస్తుంది. టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు వెనక్కి జారుతుంది, పైలట్ చేతిలో ఉన్న కంట్రోల్ అతనితో పాటే వెనక్కొస్తుంది. ఈ పట్టాలూ పిన్నులూ అరగడం మీద ఎఫ్.ఏ.ఏ. 1987లో తనిఖీ ఆదేశం ఇచ్చింది, దాని స్థానంలో 2011-10-09 నంబరు ఆదేశం వచ్చింది. అరుగుదల కొలవడం ఇంజనీరు పని. మట్టి తీయడం మాత్రం రోజూ ఎగిరేవాళ్ళ పని: వెదురుపుల్లతో ఒక్కో చిల్లూ గుచ్చి, వాక్యూమ్ పెట్టి, తర్వాత సీటుని గట్టిగా ముందుకీ వెనక్కీ కుదిపి చూడాలి. ఇనప మేకుతో గోకొద్దు, చిల్లు అంచు పోతుంది.

12వ రోజు – ఎక్కే వరస

గుడ్డ ఎంత బాగున్నా వరస తప్పితే దండగ. నకలు మీద కుదిరిన వరస ఇది.

బెల్టులు పక్కలకి. గుడ్డ పరిచి, నాలుకలు స్టిక్‌కి అటూ ఇటూ దించాలి. రెక్క మీద నల్లటి దారిలోనే నడవాలి. ఫ్లాప్ (రెక్క వెనకంచున కిందికి దిగే పలక) మీద కాలు వేయొచ్చా అంటే విమానాన్ని బట్టి: పైపర్ చెరొకీలో ఫ్లాప్ పూర్తిగా పైకెళ్ళి లాక్ అయితే మెట్టుగా బరువు మోస్తుంది, కొంచెం దిగి ఉన్నా మోయదు. మిగతా వాటిలో దాని మీద రాసి ఉన్నదే మాట.

లోపలికి కాలు పెట్టేటప్పుడు చెయ్యి కదలని ఫ్రేమ్ మీద ఉండాలి. పందిరిలా తెరుచుకునే పారదర్శక మూత పట్టుకుని బరువేస్తే అది చిట్లుతుంది. మొదట ఒక కాలు గుడ్డ మీద, మడమ సీటు వెనక సగంలో. రెండో కాలు గోడ దాటించి నేరుగా నేల మీదకి. అప్పుడు మొదటి కాలు నాలుక మీదుగా దింపాలి. సీటు ముందు నిలబడే ఉండి గుడ్డ తీయాలి, కూర్చున్నాక కాదు.

తీయడం విస్తరి మడిచినట్టే. నాలుకలు రెండూ పైకి మడిచి, ఆ తర్వాత కుడి సగం ఎడమ సగం మీదకి. మురికి మొహం మురికి మొహం చూడాలి, చేతికి తగిలేది శుభ్రమైన వైపు. 21 × 46 కట్టవుతుంది, సంచీలోకి దూర్చి టిచ్ బటన్ నొక్కి సీటు వెనక జేబులో పెట్టాలి. కాళ్ళ దగ్గర ఎప్పుడూ వద్దు.

పైకప్పు ఉన్న విమానంలో నిలబడటం కుదరదు. అక్కడ కుడి సీటు మనిషి ముందు కూర్చుని, కాళ్ళు ఇంకా రెక్క మీదే ఉండగా బూట్లు ఒకదానికొకటి తట్టి, ఆ తర్వాత లోపలికి తిప్పుకోవచ్చు. అలవాటైతే గుడ్డ కూడా అక్కర్లేదు. ఎడమ సీటుకి పోయే పైలట్‌కి మాత్రం కావాలి.

కొత్తగా ఎక్కేవాళ్ళకి నేల మీదుండగానే చెప్పాలి. రెక్క మీద నిలబడ్డాక "ఆగండాగండి, ఆ కాలు కాదండీ" అంటే వాళ్ళు కంగారులో మారుస్తారు, మార్చేటప్పుడే జారతారు.

15వ రోజు – ఉతుకు

తడిబురదని తడిగా ఉండగా రుద్దకూడదు. బంకరేణువు రెండు మైక్రాన్ల కంటే చిన్నది, రుద్దితే నేత లోపలికి పోతుంది. ఆరనిచ్చి, విదిలించి, మెత్తటి బ్రష్షుతో దులిపి, వాక్యూమ్ పట్టి, అప్పుడు తక్కువ సబ్బు నీళ్ళతో తుడవాలి. తొక్కుడు గుడ్డనైతే పంపు కింద పెట్టి కడిగేయొచ్చు, సీటుని కాదు.

ఇక్కడ బురద ఒక్కటే కాదు, చెరువు గట్లు కూడా ఉన్నాయి. రొయ్యల చెరువు గట్టు మీద నడిచొచ్చిన బూటులో సున్నం, బ్లీచింగ్ పౌడరు, ఉప్పునీళ్ళు ఉంటాయి. సున్నం క్షారం, అల్యూమినియంని తినేస్తుంది. సీటు కింద రేకు అతుకుల్లో, రివెట్ల చుట్టూ తడితో పాటు చేరితే తెల్లటి పొడి పుట్టుకొస్తుంది. బ్లీచింగ్ నైలాన్ పోగుని బలహీనపరుస్తుంది, కాబట్టి బెల్టు మీద మరకకి బ్లీచింగ్ వాడటమంటే రోగం కంటే మందు చెడ్డది కావడమే. గోరువెచ్చటి నీళ్ళు, తేలిక సబ్బు, నీడన ఆరబెట్టడం. బకిల్ నీళ్ళలో ముంచొద్దు. చెరువుల వైపు నుంచి వచ్చినవాళ్ళకి తట్టలో నీళ్ళు మార్చి రెండోసారి కడిగించడమే మా నియమం.

నెలకోసారి సీటు దిండు తీసి, టార్చి వేసి రేకు చూడాలి. తెల్లపొడి కనిపిస్తే గోకి దాచేయకుండా ఇంజనీరుకి చూపించాలి.

18వ రోజు – దిగడం

దిగేటప్పుడు సీటుకి అంటే మురికి బయటిది కాదు, లోపలిదే. కాళ్ళ దగ్గర ఆరిన మట్టిని బూటు ఎత్తుకెళ్ళి సీటు మీద పెడుతుంది. కాబట్టి దిగే మరక ఆపేది నేల మీది పట్టా. నారింజ గుడ్డని మళ్ళీ పరిచేటప్పుడు ఎక్కినప్పటి మురికి వైపే పైకి రావాలి, తిరగేస్తే మొదటికే మోసం. పిడిగా పెట్టిన తోక కుట్టింది శుభ్రమైన వైపు, అది పైన కనిపించిందంటే గుడ్డ తిరగబడినట్టు.

నేల పట్టా ఉన్నిదే, 38 × 40. ముందంచు పెడల్స్‌కి 12 సెం.మీ. వెనకే ఆగిపోవాలి. మొదట 5 వదిలి వేస్తే, మడమతో పదిసార్లు తొక్కాక మడత ముందుకు పాకి బ్రేకు పెడల్ కిందకి చేరింది. ఇప్పుడు వెనకంచు పొడుగునా వెల్క్రో, ముందు మూలలకి ఒక్కో టిచ్ బటన్ చొప్పున రెండు. రెండు పెడల్స్ చివరి దాకా నొక్కి, బ్రేకులు కూడా నొక్కి, పట్టా కదిలిందో లేదో చూశాం: కుడి మూల బటన్ ఒకటి ఊడింది. ప్లాస్టిక్ తీసేసి ఇత్తడిది వేయాలి, రేపటి పని అదే.